ఒంటరి బెదిరింపు – సంఘ ధర్మము

2021లో క్రికెట్ ఓటమిపై ఆగ్రహించి, ఒక క్రీడాకారుని పసికూతురిపై హేయమైన దౌర్జన్యపు బెదిరింపును సామాజిక మాధ్యమమున వ్రాసెనను అభియోగముపై హైదరాబాదుకు చెందిన యువ ఇంజనీరును ముంబయి పోలీసులు నిర్బంధించిరి. 2023లో ఫిర్యాదుదారుని సమ్మతితో బొంబాయి హైకోర్టు ఆ కేసును కొట్టివేసెను.

ఇందు రెండు పాఠములు కలవు.

మొదటిది: బెదిరింపును వట్టిమాటయని త్రోసివేయరాదు. విన్నవారి భయము వట్టిది కాదు. భారతీయ న్యాయ సంహిత 351వ విభాగము దానిని నేరముగా నెంచుచున్నది. పేరు దాచి బెదిరించిన, అదనముగా రెండేండ్ల వరకు శిక్ష గలదు. అట్టి వ్రాతను పదిమందికి పంపక, భద్రపరచి పోలీసులకు తెలుపవలెను.

రెండవది: నోరు జారిన ప్రతివాడును హంతకుడు కాడు. తలుపు మూసికొని, ఫోనునే లోకముగా జేసికొన్న పిల్లవాడు సిద్దిపేటలో మన వీథిలోనే యుండవచ్చును. వెలివేసినచో వాని కోపము ముదురును. పలుకరించినచో వాని బాధ బయటపడును. 14416కు ఫోను చేసిన, టెలీమానస్ సేవ ఉచితముగా లభించును.

బసవేశ్వరుని అనుభవ మంటపమున అన్ని కులములవారును కూర్చుండి మాటాడిరి. అట్టి చోటు నేడు ప్రతి యింటను, ప్రతి మఠమునను ఉండవలెను. శిక్ష న్యాయస్థానము చూచుకొనును. తోడు మనము కావలెను.