మొఱ నాలకించు తల్లి

కలకత్తా నగరమున టిరెట్టా బజారను పాతపేట కలదు. వేకువనే అచ్చటి వీధిలో చేపముద్దల చారును, ఆవిరిపై నుడికించిన తినుబండారములును అమ్ముదురు. ఆ పేటలోని యొక యిరుకుసందున చీనా దేవాలయ మొకటి యున్నది. దక్షిణ చీనాలోని నాలుగు మండలములనుండి వచ్చినవారు దానిని 1905లో స్థాపించిరి. 'సీ ఇప్' అనగా నాలుగు మండలములు. నగరవాసులు దానిని 'సీ ఇప్ చర్చి' యని పిలుతురు.

ఒక శీతకాలపు టుదయమున డెబ్బదియేండ్లు దాటిన వృద్ధు డొకడు ఆ గుడి మెట్లకడ నిలిచెను. ఆయన కెనడా దేశమందలి టొరాంటోనుండి వచ్చెను. చేతిసంచిలో నారింజపండ్లున్నవి. ఆయన పుట్టినది ఆ సందులోనే.

చీనావారు ఆ నగరమునకు క్రొత్తవారు కారు. వారన్ హేస్టింగ్సు కాలముననే టాంగ్ ఆచ్యూ అను చీనా వర్తకుడు హుగ్లీనది యొడ్డున చక్కెర కర్మాగారమును నెలకొల్పెను. ఆ గ్రామ మాతని పేర నేటికిని అచీపురమని పిలువబడుచున్నది. తరువాత వచ్చినవారిలో కొందఱు వడ్రంగులు, కొందఱు చెప్పులు కుట్టువారు, కొందఱు దంతవైద్యులు. వృద్ధుని తండ్రి ఓడరేవున వడ్రంగి. గుడిలోని పొడవైన కొయ్యబల్ల యాతడు చేసినదే.

వృద్ధుడు మెల్లగా లోనికేగెను. ఎఱ్ఱని స్తంభములు, అగరువత్తుల ధూమము, పీఠముపై క్వాన్ యిన్ దేవత! ఈమె మనకు పరాయిది కాదు. భారతదేశపు బౌద్ధులు కొలిచిన అవలోకితేశ్వరుడే చీనాకేగి, కాలక్రమమున కరుణామయియైన తల్లిగా మాఱెను. లోకుల మొఱ నాలకించువాడని ఆ చీనా నామమున కర్థము. ఇట నుండి వెడలిన కరుణ, వలసవచ్చిన వడ్రంగులతోగూడ ఓడనెక్కి తిరిగి యిటకు వచ్చినది.

చిన్ననాడు అవ్వ ఆయనచేతికి మూడు అగరువత్తులిచ్చి మ్రొక్కించెడిది. సంవత్సరాదినాడు పెద్దలు ఎఱ్ఱకాగితపు సంచులలో డబ్బులు పెట్టి యిచ్చెడివారు. వీధిలో సింహనృత్యము జరిగెడిది. ప్రక్కయింటి వంగబాలుడు ప్రతియేడును తప్పక వచ్చెడివాడు. ఇరువురును బల్లపై గూర్చుండి నారింజపండు నొలిచి చెఱిసగము తినెడివారు. ఒకనాడు తండ్రి యులితో బల్ల యడుగున రెండు గీతలు గీసిరి. ఒకటి తనది, ఒకటి మిత్రునిది.

1962 అక్టోబరులో భారత చీనా దేశములకు యుద్ధము సంభవించెను. అది నవంబరులో ముగిసెను; కాని చీనా ముఖముగల వారి కష్టములు ముగియలేదు. అస్సాము, డార్జిలింగు మొదలగు చోటులనుండి వేలమందిని రాజస్థానమందలి దేవలీ శిబిరమునకు గొనిపోయి నిర్బంధించిరి. వారిలో ననేకులు ఈ నేలపై పుట్టినవారే. కలకత్తాలో తండ్రి పని పోయెను. అనుమతి లేక ఊరు దాటరాదు. పోలీసుల యెదుట హాజరు కావలెను. పదియేండ్ల బాలుని చూచి వీధిపిల్లలు "శత్రువు, శత్రువు" అని యఱచిరి. ఆ గుంపులో మిత్రుడును నిలిచియుండెను. అతడు కేక వేయలేదు, వారింపనులేదు.

1963 జనవరిలో సంవత్సరాది వచ్చెను. బాలుడు సాయంకాలమువఱకు బల్లపై గూర్చుండెను. మిత్రుడు రాలేదు. దాచిన పండు ఎండిపోయెను. పిమ్మట వారు మాటలాడుకొనలేదు. 1970లో కుటుంబము దేశము విడిచెను.

ఇప్పుడు వృద్ధుడు వంగి, బల్లయడుగున చేయి పెట్టి తడవెను. వ్రేళ్లకు రెండు గీతలును తగిలెను.

గుడి కాచు వంగదేశీయు డది చూచి, "అయ్యా, ఆ గీతల సంగతి మీకెట్లు తెలియును?" అని యడిగెను. వృద్ధుడు చెప్పగా నతడు కొంతసేపూరకుండి, యిట్లనెను: "ప్రక్కయింటి పెద్దాయన ప్రతి సంవత్సరాదికిని వచ్చి యీ బల్లపై గూర్చుండెడివాడు. ఎవరికొఱకని యడిగిన బదులు చెప్పెడివాడు కాడు. ఆయన పోయి మూడేండ్లయినది."

వృద్ధుని కన్నులు చెమర్చెను. ఆయన దేవతకు మూడు అగరువత్తులు వెలిగించెను. పిదప నొక నారింజపండు నొలిచి, సగము తాను తిని, సగము బల్లపై నుంచి వెడలిపోయెను.

ఇరువురిలో నెవ్వరును ద్వేషింపలేదు. కాని యొకడు పలుకవలసిననాడు పలుకలేదు. ఏబదియేండ్లు బల్లపై గూర్చుండినను ఆ లోపము తీఱలేదు. రాజ్యములు పోరాడుకొనుచున్నపుడు పొరుగువాని ముఖమును జూచి శత్రువని యెంచరాదు. అతని మొఱ వినబడిననాడే వానిప్రక్క నిలువవలెను. ఆలకించుట దేవతకు మాత్రమే విడిచిపెట్టదగిన పని కాదు.