పాఠం: గోడ మూయక ముందే చూడాలి

పిల్లలూ, ఇల్లు కట్టేటప్పుడు తనిఖీ ఎందుకు చేస్తారో ఈ పాఠంలో తెలుసుకుందాం. తనిఖీ అంటే ఇన్‌స్పెక్షన్. దాంతోపాటు 'ముందు', 'తర్వాత' అనే మాటలు వాడడం నేర్చుకుందాం.

చదువుదాం

మా ఊళ్లో మేం ఇల్లు కట్టుకున్నప్పుడు మా నాన్నగారే ఇన్‌స్పెక్టరు! స్లాబు వేసే రోజు పొద్దున్నే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "మేస్త్రీ, ఇసుక ఎక్కువైంది, ఇంకో బస్తా సిమెంటు వెయ్యి" అంటూనే ఉన్నారు.

అమెరికా వచ్చాక మా అక్కావాళ్లింట్లో వేరే పద్ధతి చూశాను. వాళ్లు బేస్‌మెంట్‌లో పడకగది కట్టించారు. దానికి ముందు పర్మిట్ తీసుకోవాలి. గోడల్లో వైర్లు, పైపులు పెట్టాక, డ్రైవాల్ బిగించక ముందే ఇన్‌స్పెక్టర్ వచ్చి చూడాలి. కానీ కాంట్రాక్టర్ తొందరపడి గోడ మూసేశాడు. ఇన్‌స్పెక్టర్ గారు వచ్చి, "లోపల ఏముందో కనిపించడం లేదు. డ్రైవాల్ తీసేయండి" అన్నారు.

మా బావగారికి కోపం వచ్చింది. "మళ్లీ ఖర్చు! మళ్లీ రెండు వారాలు!" అన్నారు. సరే, డ్రైవాల్ తీశారు. లోపల ఒకచోట రెండు వైర్లు కలిపి, వాటి చుట్టూ పెట్టె లేకుండానే వదిలేశారు. అలాంటి అతుకు వదులైతే వేడెక్కి నిప్పురవ్వలు వస్తాయి. పక్కనే చెక్క. ఆ గదిలో పడుకోబోయేది మా అక్క కూతురు. బావగారు ఇంకేం మాట్లాడలేదు.

తనిఖీ కోసం ఆగితే కాంట్రాక్టర్‌కి పని ఆగుతుంది. ఇంటివాళ్లకి ఖర్చు పెరుగుతుంది. ఇన్‌స్పెక్టర్‌కి ఒకే రోజు చాలా ఇళ్లు చూడాల్సి ఉంటుంది. అందరికీ ఇబ్బందే. కానీ ఆ గదిలో నిద్రపోయేవాళ్లకి అది ప్రాణానికి సంబంధించిన విషయం.

చూస్తే చాలా?

ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో చాంప్లైన్ టవర్స్ సౌత్ అనే 12 అంతస్తుల భవనం ఉండేది. దాన్ని 1981లో కట్టారు. 2018లో ఒక ఇంజనీరు పరీక్షించి, స్విమ్మింగ్ పూల్ దగ్గర కాంక్రీటు బాగా దెబ్బతిందని రాసిచ్చారు. బాగుచేయడానికి చాలా డబ్బు కావాలి. పని ఆలస్యమైంది. 2021 జూన్ 24న, చాలామంది నిద్రలో ఉండగా, భవనంలో చాలా భాగం కూలిపోయింది. 98 మంది చనిపోయారు.

చూడడం సగం పనే. చూసినదాన్ని బాగుచేస్తేనే తనిఖీ పూర్తయినట్టు.

కొత్త మాటలు

మేస్త్రి: ఇల్లు కట్టే పనివాళ్ల పెద్ద
అతుకు: రెండు ముక్కలు కలిపిన చోటు
అంతస్తు: భవనంలో ఒక వరుస

మాట తీరు

మూయక ముందు, మూసిన తర్వాత. 'మూసే ముందు' అని కూడా అంటాం. ఇలాగే 'తిను', 'చూడు', 'కట్టు' మార్చి రాయండి.

ప్రశ్నలు

1. ఇన్‌స్పెక్టర్ గారు డ్రైవాల్ ఎందుకు తీయమన్నారు?
2. బావగారి కోపం న్యాయమేనా? మీ మాటల్లో చెప్పండి.
3. సర్ఫ్‌సైడ్‌లో తనిఖీ తర్వాత ఏం జరగాల్సింది?

ఇంట్లో చేయండి

మంటలొస్తే మీ పడకగది నుంచి బయటికి వెళ్లడానికి ఎన్ని దారులున్నాయి? అమ్మతోగానీ నాన్నతోగానీ కలిసి చూడండి. పొగ అలారం బటన్ నొక్కించి, మోగుతోందో లేదో వినండి. తర్వాత తాతయ్యకి ఫోన్ చేసి, "మన ఇల్లు కట్టేటప్పుడు ఎవరు దగ్గరుండి చూసుకున్నారు?" అని అడగండి. ఆయన చెప్పింది మూడు వాక్యాల్లో రాసుకుని రండి.