రెక్క వంగిందా, నిబంధన వంగిందా?
(కార్ల పందేలలో సాంకేతిక తనిఖీ గురించి ఒక పాఠం)



ఆనందపురం జంక్షన్‌లో కాసేపు నిలబడితే ఇనుప చువ్వల లారీలు వరసగా కనిపిస్తాయి. చువ్వల చివర్లు లారీ బాడీ దాటి బయటికి వేలాడుతుంటాయి, చివర ఎర్ర గుడ్డ కట్టి ఉంటుంది. లారీ గతుకులో పడినప్పుడల్లా ఆ చివర్లు కిందికీ మీదికీ ఊగుతాయి. ఇనుము కదా, ఎందుకు వంగుతుందని నేను ఎనిమిదో తరగతిలో మా సైన్సు మాస్టారిని అడిగాను. "వంగని వస్తువు ఈ లోకంలో లేదురా. ఎంత వంగుతుందన్నదే లెక్క" అన్నారాయన. ఆ మాట అప్పుడు నాకు సగమే అర్థమైంది. మిగతా సగం చాలా ఏళ్ల తర్వాత, ఫార్ములా వన్ కార్ల పందేల గొడవలు చదువుతుంటే అర్థమైంది.

కార్ల పందేలు మనకు దూరమనుకోకండి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున కరెంటు కార్ల పందెం, ఫార్ములా-ఈ, జరిగింది. మన దేశంలో ఆ పోటీ జరగడం అదే మొదటిసారి. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మూడో స్థానంలో గీత దాటిన సెబాస్టియన్ బ్యుమీకి మాత్రం ఆ స్థానం దక్కలేదు. అనుమతించిన దానికంటే ఎక్కువ పవర్ వాడాడని తనిఖీలో తేలి, పెనాల్టీ పడి, మూడో స్థానం ఆంటోనియో ఫెలిక్స్ ద కోస్టాకు వెళ్లింది. అంటే పందెం రోడ్డు మీద ఎంత జరుగుతుందో కొలత బల్ల మీద కూడా అంతే జరుగుతుందన్నమాట. (2024లో జరగాల్సిన రెండో పందెం రద్దయింది. చూడాలనుకున్న మాబోటి వాళ్లకు అది నిరాశే.) ఫార్ములా-ఈలో అన్ని జట్ల కార్లకూ బాడీ, రెక్కలు ఒకటే. అందువల్ల రెక్కల తగాదా అక్కడ లేదు. ఆ తగాదా ఫార్ములా వన్‌ది. అక్కడ ఎవరి రెక్క వారే తయారు చేసుకుంటారు.

ముందు ఈ రెక్క ఎందుకో చూద్దాం. విమానం రెక్క గాలిలో విమానాన్ని పైకి లేపుతుంది. అదే రెక్కను తలకిందులుగా బిగిస్తే కారును నేలకు నొక్కుతుంది. దీనినే డౌన్‌ఫోర్స్ అంటారు. టైరు నేలను గట్టిగా పట్టుకుంటే మలుపులో వేగం తగ్గించక్కర్లేదు. అయితే ఉచితంగా ఏదీ రాదు. అదే రెక్క గాలికి అడ్డుపడి తిన్నని రోడ్డు మీద కారును వెనక్కి లాగుతుంది. కాబట్టి ఇంజనీరు కోరిక ఒక్కటే: మలుపులో రెక్క నిలబడాలి, తిన్నని రోడ్డు మీద పడుకోవాలి.

ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోండి. గాలి కలిగించే బలం వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. గంటకు 150 కిలోమీటర్ల వేగంలో ఉన్న బలం 300 కిలోమీటర్ల దగ్గర రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడినప్పుడు గాలి వేగం గంటకు 180 కిలోమీటర్ల ప్రాంతంలో ఉంది. ఆ గాలికి హోర్డింగులు, చెట్లు ఏమయ్యాయో మనం కళ్లారా చూశాం. ఫార్ములా వన్ కారు రెక్క అంతకు మించిన గాలిని ప్రతి ల్యాపులోనూ భరిస్తుంది. మలుపు దగ్గర వేగం తగ్గగానే బలం నాలుగో వంతుకు పడిపోతుంది, వంగిన రెక్క మళ్లీ లేస్తుంది. డ్రైవరు మీట నొక్కనవసరం లేదు. గాలే మీట నొక్కుతుంది!

మరి నిబంధన ఏమంటుంది? రెక్కలు కారుకు గట్టిగా బిగించి ఉండాలి, కదలకూడదు. ఈ నిబంధన ఊరికే రాలేదు. 1968లో రెక్కలు వచ్చిన కొత్తల్లో వాటిని పొడవాటి సన్నని కడ్డీల మీద ఎత్తున నిలబెట్టేవారు. 1969 మేలో బార్సిలోనాలోని మోంజూయిక్ రోడ్ల మీద స్పెయిన్ పందెంలో లోటస్ జట్టు కార్ల రెక్కలు ఒకదాని తర్వాత ఒకటి విరిగాయి. ముందు గ్రాహం హిల్, కాసేపటికి అదే చోట యోహెన్ రింట్ ప్రమాదానికి గురయ్యారు. రింట్ ముఖానికి గాయాలయ్యాయి. తర్వాతి మొనాకో పందెంలో, ప్రాక్టీసు మొదలయ్యాక, రెక్కలను నిషేధించారు. తరువాత గట్టి పరిమితులతో తిరిగి అనుమతించారు.

కదలకూడదని రాయడం సులువే. కానీ మా మాస్టారి మాట ప్రకారం వంగని వస్తువు లేదు. హుక్ సూత్రం మీరు చదివే ఉంటారు. స్థితిస్థాపక అవధిలో వికృతి ప్రతిబలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. బలం ఉన్నచోట వంగుట ఉండి తీరుతుంది. అక్షరాలా అమలు చేస్తే ప్రతి కారూ తప్పు చేసినట్టే. అందుకని అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య, అంటే ఎఫ్.ఐ.ఏ., నిబంధన పక్కన ఒక పరీక్ష పెట్టింది. గ్యారేజీలో కారును నిలబెట్టి, రెక్క మీద ఫలానా చోట ఇంత బరువు వేస్తే ఇన్ని మిల్లీమీటర్లు మించి వంగకూడదని అంకెలు నిర్ణయించింది. తగాదా మొత్తం ఇక్కడే పుట్టింది. నిబంధన ఒకటి, పరీక్ష మరొకటి. ఇంజనీర్లు నిబంధనకు కాదు, పరీక్షకు చదవడం మొదలుపెట్టారు.

ఇందుకు 2010 సంఘటన చక్కటి ఉదాహరణ. రెడ్ బుల్ కారు ముందు రెక్క చివర్లు వేగంలో నేలకు బాగా దగ్గరగా దిగుతున్నాయని ఇతర జట్లు ఫిర్యాదు చేశాయి. అప్పటి పరీక్షలో 50 కిలోల బరువుకు 10 మిల్లీమీటర్లు వంగవచ్చు. ఎఫ్.ఐ.ఏ. బెల్జియం పందెం నుంచి బరువును 100 కిలోలు చేసి, వంగుటను 20 మిల్లీమీటర్ల దాకా అనుమతించింది. నిష్పత్తి చూడండి, ఏమీ మారలేదు! మరి మార్చి ఉపయోగమేమిటి? హుక్ సూత్రం పాటించే రెక్కకు రెండు పరీక్షలూ ఒకటే. 50 కిలోల దాకా బిర్రుగా ఉండి, ఆ తర్వాత మెత్తబడే రెక్క మాత్రమే రెండో పరీక్షలో దొరుకుతుంది.

అలాంటి వస్తువు ఉంటుందా అంటే మీ చేతిలోనే ఉంటుంది. వడ్రంగి వాడే స్టీలు టేపు తీసుకోండి. లోతు భాగం పైకి ఉండేలా అర మీటరు బయటికి లాగి, చివర ఒక్కొక్క నాణెం దారంతో వేలాడదీయండి. మొదట్లో కొద్దికొద్దిగా వంగుతుంది. ఒక నాణెం దగ్గర మాత్రం ఒక్కసారిగా కూలబడుతుంది. ఆ నాణేనికి ముందే పరీక్ష ఆపేసిన వాడికి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. కార్బన్ నారను చాప అల్లినట్టు పొరలు పొరలుగా, ఒక్కో పొరను ఒక్కో దిక్కున పరిచి, రెజిన్‌తో అతికిస్తే, ఎటు వంగాలి, ఎటు మెలిపడాలి అన్నది కూడా మన చేతిలో ఉంటుంది. రెడ్ బుల్ మాత్రం ఆ రెండో పరీక్ష కూడా పాసయింది. ఆ ఏడాది ఛాంపియన్ కూడా అదే.

అన్నిసార్లూ అలా గట్టెక్కలేదు. 2014 అబుదాబిలో అదే జట్టు కార్ల ముందు రెక్క ఫ్లాపులు గాలి బలానికి వంగేలా తయారు చేశారని తేల్చి, వెటెల్, రికార్డో ఇద్దరినీ క్వాలిఫైయింగ్ నుంచి తొలగించారు. ఇద్దరూ పిట్ లేన్ నుంచి బయలుదేరారు. రికార్డో అక్కడి నుంచి నాలుగో స్థానానికి రావడం వేరే ముచ్చట.

2021లో వెనక రెక్క వంతు. రెడ్ బుల్ వెనక రెక్క వంగుతోందని హామిల్టన్ స్పెయిన్‌లో అన్నాడు. జూన్ 15 నుంచి కొత్త పరీక్షలు వచ్చాయి. రెక్క మీద గుర్తులు అంటించి, వెనక్కి చూసే కెమెరాతో పరుగులో ఉండగానే గమనించారు. నా దృష్టిలో ఇది పెద్ద మెట్టు. గ్యారేజీలో బరువులు పెట్టడం ఒకటి, పరుగులో చూడడం మరొకటి.

అదే ఏడాది బ్రెజిల్‌లో జరిగింది మాత్రం నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది. వెనక రెక్క ఫ్లాపు తెరుచుకున్నప్పుడు సందు 85 మిల్లీమీటర్లు మించకూడదన్నది అప్పటి నిబంధన. హామిల్టన్ కారు రెక్క ఒక చివర 0.2 మిల్లీమీటర్లు మించింది. ఐ.టి.ఐ. చదివిన వారికి గో, నోగో గేజీలు తెలుసు కదా, అలాంటి గేజీతోనే పట్టుకున్నారు. కావాలని చేశారని ఎవరూ అనలేదు. అయినా క్వాలిఫైయింగ్ నుంచి తొలగించారు. మర్నాటి సంగతి అందరికీ తెలిసిందే, పదో స్థానం నుంచి వెళ్లి గెలిచాడు. 2024లో బాకూలో పియాస్త్రి గెలిచిన మెక్‌లారెన్ కారుది దీనికి సరిగ్గా వ్యతిరేకం. వేగంలో వెనక రెక్క ఫ్లాపు అంచు లేచి సందు తెరుచుకోవడం కెమెరాలో స్పష్టంగా కనిపించింది. కానీ గ్యారేజీ పరీక్షలన్నీ పాసైంది కాబట్టి గెలుపు నిలిచింది. ఎఫ్.ఐ.ఏ.తో మాట్లాడాక ఆ జట్టు రెక్కను మార్చుకుంది, అంతే.

ఉద్దేశం లేని 0.2 మిల్లీమీటర్లకు శిక్ష, కళ్లకు కనిపించే సందుకు మినహాయింపు. అన్యాయం అనిపిస్తుంది. కానీ అటువైపు వాదన కూడా వినాలి. కంటికి కనిపించిందని శిక్షిస్తే, ఎవరి కన్ను? అంకె ముందే చెప్పి ఉంటే పెద్ద జట్టుకూ చిన్న జట్టుకూ ఒకే గేజీ. మార్కులు వేసేవాడి దయ మీద కాక, సమాధానపత్రం మీద ఆధారపడి పైకి వచ్చిన మనలాంటి వాళ్లకు ఆ అంకె విలువ తెలుసు. అందుకే నేను పరీక్షను తప్పుపట్టను. పరీక్ష ఎక్కడ, ఎలా పెడుతున్నారన్నదే అడుగుతాను.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. డిప్లొమా అయ్యాక మొదట చేరిన చోట చువ్వల నాణ్యత చూడడం నా పని. లారీ వచ్చేది, సరఫరాదారు మనిషి ముందే కోసి ఉంచిన ముక్కలు నా చేతికి ఇచ్చేవాడు. మెషీన్‌లో పెట్టి లాగితే అన్నీ పాస్. మూడు నెలలు సంతకాలు పెట్టాను. ఒకరోజు పెద్ద మేస్త్రీ నవ్వి, "పరీచ్చ రాసింది ఈ ముక్కలే బావూ. బరువు మొయ్యాల్సింది ఆ లారీలోవి" అన్నాడు. ఆ రోజు లారీ ఎక్కి నా చేత్తో మూడు ముక్కలు కోయించాను. రెండు పాసయ్యాయి. ఒకటి సాగాల్సినంత సాగకుండా పుటుక్కున తెగింది. లారీ వెనక్కి వెళ్లింది. నాలుగు రోజులు నాతో ఎవరూ సరిగా మాట్లాడలేదు. అంతకుముందు మూడు నెలల్లో వెళ్లిన చువ్వలు ఏ స్లాబులో ఉన్నాయో నాకు ఇప్పటికీ తెలియదు.

2025లో ఎఫ్.ఐ.ఏ. మళ్లీ బిగించింది. వెనక రెక్క చివర 75 కిలోల బరువు పెడితే సందు మార్పు 2 మిల్లీమీటర్లు మించరాదని సీజన్ మొదట్లో ఉండగా, చైనా పందెం నుంచి దాన్ని 0.5కు తగ్గించారు (చైనాలో మాత్రం 0.25 వెసులుబాటు ఇచ్చారు). జూన్ 1 నాటి స్పెయిన్ పందెం నుంచి ముందు రెక్కకు 100 కిలోల దగ్గర 15కు బదులు 10 మిల్లీమీటర్లే, ఫ్లాపుకు 5కు బదులు 3 అన్నారు. మెక్‌లారెన్ వెనకబడుతుందని చాలామంది ఎదురుచూశారు. ఆ పందెంలో మొదటి రెండు స్థానాలూ మెక్‌లారెన్‌వే. ఇదంతా డబ్బు దండగ అని హామిల్టన్ విసుక్కున్నాడు. ఏడాది చివర రెండు ఛాంపియన్‌షిప్‌లూ మెక్‌లారెన్‌కే వెళ్లాయి. అంటే వాళ్ల వేగం ఒక్క రెక్క వంగుటలోనే లేదన్నమాట.

2026 నిబంధనల్లో మరో మలుపు ఉంది. ముందు, వెనక రెక్కలు రెండూ తిన్నని రోడ్డు మీద పడుకోవచ్చు, మలుపులో లేవవచ్చు. ఇన్నాళ్లు దొంగచాటుగా గాలితో చేయించిన పని ఇప్పుడు మీటతో బాహాటంగా చేయవచ్చు. మీట నొక్కనప్పుడు మాత్రం రెక్క వంగకూడదు. కాబట్టి బరువులు, గేజీలు, కెమెరాలు గ్యారేజీల్లోనే ఉంటాయి.

స్టీలు టేపు ప్రయోగం చేసేవాళ్లు గ్రాఫు కూడా గీయండి. అడ్డంగా నాణేల సంఖ్య, నిలువుగా మిల్లీమీటర్లు. టేపును 40, 50, 60 సెంటీమీటర్లు లాగి మూడు గ్రాఫులు గీసి, ఏ నాణెం దగ్గర కూలబడిందో రాసి ఉంచండి. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు నేను నా టేపు తెస్తాను, పోల్చి చూద్దాం.