రెండు భాషల సేవకుడు శ్రీ బెజవాడ గోపాలరెడ్డి

విద్యార్థులారా! పరభాష నేర్చినచో మాతృభాష మఱుగుపడునని కొందఱు తలంతురు. మాతృభాషను విడువనిచో ఉన్నతపదవులు లభింపవని మఱికొందఱు భయపడుదురు. ఈ రెండు శంకలకును శ్రీ బెజవాడ గోపాలరెడ్డిగారి జీవితమే సమాధానము.

వీరు 1907 ఆగస్టు 5వ తేదీన నెల్లూరు మండలమందలి బుచ్చిరెడ్డిపాళెమున జన్మించిరి. శాంతినికేతనమున చదువుచు వంగభాష నభ్యసించిరి. స్వాతంత్ర్యోద్యమమున పాల్గొని కారాగారవాస మనుభవించిరి. 1937లో రాజాజీ మంత్రివర్గమున మంత్రియైరి. నాడు మన కడంబత్తూరును, వారి నెల్లూరును ఒకే మదరాసు రాజధానిలో నుండెను. 1955లో ఆంధ్రరాష్ట్ర ముఖ్యమంత్రియై, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడువఱకు ఆ పదవి నిర్వహించిరి. పిదప కేంద్రమంత్రిగా పనిచేసిరి. 1967 నుండి 1972 వఱకు ఉత్తరప్రదేశ్ గవర్నరుగా నుండిరి. 1997 మార్చి 9న పరమపదించిరి.

వంగభాష నేర్చుటవలన వారి తెలుగు తఱుగలేదు. రవీంద్రుని రచనలను పెక్కింటిని వారు తెలిగించిరి. ఒక భాషలో గ్రహించిన సంపదను వేఱొక భాషకు చేర్చిరి.

తమిళము మన రాష్ట్రభాష; దానిని శ్రద్ధతో నేర్వవలెను. తెలుగు మన యింటిభాష. దానిని మాటాడుటయేకాక చదువను, వ్రాయను వలెను. వ్రాత నశించిన భాష క్రమముగా ఇంటినుండియు తొలగిపోవచ్చును. తల్లిదండ్రులారా! దినమునకొక పుటయైనను బిడ్డలచే తెలుగు చదివింపుడు. విద్యార్థులారా! తమిళవాచకమున మీరు మెచ్చిన కథ నొకదానిని తెలుగున వ్రాసి చూడుడు.