బొమ్మల సినిమానే కదా అనుకోవద్దు: యుద్ధంలో చిక్కిన పిల్లల కథలు, మన పిల్లల మనసులు



మూడో తరగతి చదివే ఒక బాబు స్కూల్ బ్యాగులో వాళ్లమ్మకు ఒకరోజు పదిహేను చాక్లెట్లు, రెండు బిస్కెట్ ప్యాకెట్లు, కాగితంలో చుట్టిన బెల్లం ముక్క దొరికాయి. దుకాణంలో దొంగతనం నేర్చాడేమోనని ఆమె భయపడి రెండు దెబ్బలు వేసింది. బాబు ఏడ్చుకుంటూ చెప్పిన మాట ఇది: "యుద్ధం వస్తే చెల్లెకు తిననీకి ఏం ఉండదు కదమ్మా. అందుకే దాచిపెడుతున్న."

అంతకు నాలుగు రోజుల ముందు ఆ బాబు నాన్న ఫోన్‌లో ఒంటరిగా ఒక జపాన్ బొమ్మల సినిమా చూశాడు. "బొమ్మల సినిమానే కదా సార్, అని నేనే పెట్టిచ్చిన" అన్నది తల్లి. గుట్ట కింద వ్యాపారం చేసుకునే ఆ కుటుంబం ఒప్పుకున్నాకే, పేర్లు లేకుండా ఈ విషయం రాస్తున్నాం. ఎందుకంటే ఇది ఒక్క ఇంటి సమస్య కాదు. ఇలాంటి సినిమాలు ఇప్పుడు ప్రతి ఫోన్‌లోనూ దొరుకుతున్నాయి.

ఆ సినిమాలో ఏముంది?

ఆ సినిమా పేరు 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్', అంటే మిణుగురుల సమాధి. స్టూడియో జిబ్లీ కోసం ఇసావో తకహాతా తీశారు. 1988 ఏప్రిల్‌లో విడుదలైంది. 1945లో అమెరికా విమానాలు కోబె నగరంపై నిప్పు బాంబులు కురిపిస్తాయి. తల్లి కాలిన గాయాలతో చనిపోతుంది. తండ్రి నౌకాదళంలో ఉన్నాడు. పద్నాలుగేళ్ల సెయిటా, నాలుగేళ్ల చెల్లెలు సెట్సుకో బంధువుల ఇంటికి చేరతారు. అక్కడ మాటలు పడలేక చెరువు పక్కన పాడుబడ్డ బాంబు షెల్టర్‌లో కాపురం పెడతారు. చెల్లి చేతిలో ఒక చిన్న చాక్లెట్ డబ్బా ఉంటుంది. అది ఖాళీ అయ్యాక అందులో నీళ్లు పోసుకుని ఆ తీపి తాగుతారు. చివరికి ఆ పాపను తీసుకుపోయేది బాంబు కాదు, ఆకలి.

ఈ కథ ఊహించి రాసింది కాదు. మూల కథ రాసిన అకియుకి నొసాకా 1945లో తన చిన్న చెల్లెలిని పోషకాహారం లేక పోగొట్టుకున్నారు. తాను సరిగా చూసుకోలేదన్న బాధ ఆయనను వదల్లేదు. 1967లో ఈ కథ రాశారు. దర్శకుడు తకహాతా కూడా తొమ్మిదేళ్ల వయసులో ఒకయామా నగరంపై జరిగిన బాంబు దాడి నుంచి అక్కతో కలిసి పరుగెత్తి బతికిన వ్యక్తి.

మరో విషయం గమనించండి. జపాన్‌లో ఈ సినిమాను 'మై నైబర్ టొటోరొ' అనే ముచ్చటైన పిల్లల సినిమాతో జోడించి ఒకే ప్రదర్శనగా వేశారు. మన ఫోన్‌లోనూ అంతే జరుగుతోంది. నవ్వించే బొమ్మ, గుండె పిండే బొమ్మ పక్కపక్కనే ఉంటాయి. పోస్టర్ చూసి తేడా చెప్పలేం.

బొమ్మలే ఎందుకు ఎక్కువగా తాకుతాయి?

మొదటి కారణం, బొమ్మ ముఖంలో గీతలు తక్కువ. నటుడి ముఖం చూస్తే అది ఎవరిదో ముఖం. బొమ్మ ముఖంలో పిల్లవాడు తన ముఖాన్నో, తన చెల్లి ముఖాన్నో పెట్టుకుంటాడు. మన బాబు చేసింది అదే.

రెండోది, కార్టూన్‌లో పడ్డవాడు లేస్తాడని పిల్లలకు అలవాటు. పిల్లి కొండ మీద నుంచి పడినా దులుపుకుని పరుగెత్తుతుంది. ఇక్కడ సెట్సుకో లేవదు. ఆ నమ్మకం ఒక్కసారిగా విరిగిపోతుంది.

మూడోది, ఈ కథల్లో నొప్పి పెద్ద వస్తువుల్లో ఉండదు. చాక్లెట్ డబ్బా, గుప్పెడు బియ్యం, అమ్మ చీర లాంటి కిమోనో అమ్ముడుపోవడం. యుద్ధ ట్యాంకు మన ఇంట్లో లేదు. చాక్లెట్ డబ్బా ఉంది. కాబట్టి భయం నేరుగా ఇంట్లోకి వస్తుంది.

ఏ వయసుకు ఏది?

ఇవి మా సూచనలు మాత్రమే. మీ పిల్లల స్వభావం మీకే బాగా తెలుసు.

ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఇలాంటివి వద్దు. చావు తిరిగిరానిదని వారికి ఇంకా పూర్తిగా అర్థం కాదు. కథకూ రేపటికీ మధ్య గీత గీయలేరు.

పదకొండు, పన్నెండేళ్లకు 'ది బ్రెడ్‌విన్నర్' (2017) మీతో కలిసి చూడవచ్చు. తాలిబన్ల కాబూల్‌లో తండ్రిని జైల్లో వేస్తే, పదకొండేళ్ల పర్వానా మగపిల్లవాడి వేషంలో ఇల్లు నడుపుతుంది. కష్టం ఉంది, ధైర్యం కూడా ఉంది.

'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్' పదమూడు దాటాక. హిరోషిమా అణుబాంబు మీద తీసిన 'బేర్‌ఫుట్ జెన్' (1983)లో దృశ్యాలు చాలా భయంకరం. అది పదో తరగతి దాటేదాకా ఆగవచ్చు.

చూసేటప్పుడు, చూశాక

ముందు మీరు ఒక్కరే చూడండి. పిల్లలతో పగటిపూట చూడండి, నిద్రకు ముందు వద్దు. పక్కనే కూర్చోండి. మధ్యలో ఆపమంటే ఆపండి.

పిల్లలు ఏడిస్తే "ఏడవకు, అవి ఉత్త బొమ్మలే" అనకండి. ఆ మాటతో ఏడుపు ఆగదు, మీతో చెప్పుకోవడం ఆగుతుంది. "నాకు కూడా బాధైంది" అనండి. తర్వాత మూడు ప్రశ్నలు అడగండి: ఎక్కడ ఎక్కువ బాధైంది? అక్కడ నువ్వుంటే ఏం చేసేవాడివి? ఆ పిల్లలకు ఎవరు సాయం చేసి ఉండాల్సింది?

మూడో ప్రశ్న ముఖ్యం. ఇది కేవలం యుద్ధాన్ని వ్యతిరేకించే సినిమా కాదని తకహాతా చెప్పేవారు. సినిమాలో శత్రువు ఆకాశంలో చిన్న విమానంగానే కనిపిస్తాడు. తలుపు మూసింది సొంత మనుషులు, సొంత ఊరు. ఈ మాట పెద్ద పిల్లలు తప్పకుండా పట్టుకుంటారు.

"మన దగ్గరికి యుద్ధం వస్తదా?" అని అడిగితే అబద్ధం చెప్పకండి. 2025 మే 7న హైదరాబాద్‌లో మాక్ డ్రిల్ సైరన్లు మోగడం పిల్లలు టీవీలో చూశారు. "రాదని ఎవరూ రాసివ్వలేరు. కానీ ఏం జరిగినా నిన్ను, చెల్లెను చూసుకునే పని మాది, నీది కాదు" అని చెప్పండి. చాక్లెట్లు దాచిన బాబుకు కావలసింది ఈ ఒక్క వాక్యమే.

మన గుట్ట చుట్టూ ఉన్న కథ

ఇది జపాన్ కథే అనుకుంటే పొరపాటు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. మన ప్రాంతం 1946 నుంచి 1951 వరకు తెలంగాణ సాయుధ పోరాటంలో నలిగింది. భువనగిరి దగ్గరి బొల్లేపల్లి రావి నారాయణరెడ్డిది. ఆ పోరాటంలో ఆయుధం పట్టిన ఆరుట్ల కమలాదేవి 1952లో మన ఆలేరు నుంచే శాసనసభకు గెలిచారు. 1948 ఆగస్టు 27న ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని బైరాన్‌పల్లిలో రజాకార్లు, నిజాం బలగాలు ఊరిమీద పడి ఎందరినో చంపారు.

ఆనాడు ఏడెనిమిదేళ్ల పిల్లలు ఈనాడు ఎనభై అయిదు చుట్టుపక్కల ఉన్నారు. మీ ఇంట్లోనో వాడకట్టులోనో అలాంటి తాతో, నాయనమ్మో ఉండవచ్చు. పిల్లలను వారి దగ్గర కూర్చోబెట్టండి. "నాయనమ్మా, చిన్నప్పుడు నువ్వు దేనికి భయపడ్డవు? నిన్ను ఎవరు ఎత్తుకున్నరు?" అని అడగనివ్వండి. సినిమాలో లేని ముఖ్యమైన సంగతి అక్కడ పిల్లలకు కళ్లముందు కనిపిస్తుంది. భయపడ్డ ఆ పాప బతికింది, పెరిగింది, మనల్ని పెంచింది.

రెండు జాగ్రత్తలు. పెద్దలు చెప్పడానికి ఇష్టపడకపోతే బలవంతం చేయవద్దు. అలాగే ఆ కథ ఏ మతం మీదా కోపంగా మారకూడదు. రజాకార్లకు వ్యతిరేకంగా రాసినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురైన పాత్రికేయుడు షోయబుల్లాఖాన్ ముస్లిం. పోలీసు చర్య తర్వాత వణికిన వారిలో ముస్లిం కుటుంబాల పిల్లలూ ఉన్నారు. పిల్లలకు నేర్పాల్సింది ఒక్కటే: ఏ పక్షమైనా, భయపడ్డ పిల్లల పక్షాన నిలబడాలి.

ఎప్పుడు మాతో మాట్లాడాలి?

సినిమా చూసిన రెండు వారాల తర్వాత కూడా నిద్రలో ఉలిక్కిపడటం, పక్క తడపడం, తిండి మానడం, మిమ్మల్ని వదిలి స్కూల్‌కు రాకపోవడం కనిపిస్తే క్లాస్ టీచర్‌కు చెప్పండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేసి ఉచితంగా సలహా తీసుకోవచ్చు.

ఆ బాబు సంగతి చెప్పి ముగిస్తాం. వాళ్లమ్మ కొట్టినందుకు వాడికి సారీ చెప్పింది. ఆ చాక్లెట్లన్నీ ఒక స్టీలు డబ్బాలో పోసి వంటింటి అటక మీద పెట్టింది. "ఇది ఇంటి డబ్బా. నింపే పని నాది, నాన్నది. ఆదివారం నువ్వు, చెల్లె తినే పని మీది" అన్నది. మొదటి వారం బాబు రోజూ స్టూలెక్కి డబ్బా చూసుకున్నాడట. నెల తిరిగేసరికి చూడటం మానేశాడు. ఇప్పుడు చెల్లె వాటా కూడా తనే తింటున్నాడని ఫిర్యాదు వచ్చింది. ఆ ఫిర్యాదు విని మా టీచర్లందరం సంతోషించాం.