వీలునామా – గృహస్థుని బాధ్యత

హిజ్కియా రాజు మరణకరమైన రోగముతో పడకమీద నున్నప్పుడు, యెషయా ప్రవక్త తెచ్చిన వర్తమానములో ఇంటి వ్యవహారములను సరిచేసికొనుమను హెచ్చరిక యున్నది (యెషయా 38:1). రాజునకే అది అవసరమైనయెడల, రెక్కల కష్టముతో కుటుంబమును పోషించువాని సంగతి యేమి? అయినను వీలునామా అనగానే అది చావును పిలుచుట యని తలంచి మనలో అనేకులు ఆ మాటనే దాటవేయుదురు.

సూరత్ పట్టణములోని మన తెలుగువారిని తలంచుకొనుడి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతములనుండి మరమగ్గముల పనికి వెళ్లి అక్కడనే స్థిరపడిన కుటుంబములు అనేకములు. 1994 సెప్టెంబరులో ప్లేగు వార్త పొక్కగానే కొద్ది దినములలో లక్షలాది జనులు ఆ ఊరు విడిచిపోయిరి. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయమునుండి విడిచిన నీటితో తాపీ నది పొంగి పట్టణములో అధిక భాగమును ముంచెను. అట్టి దినములు చెప్పి రావు.

ఆ పట్టణములో మగ్గము నడుపు ఒక క్రైస్తవ సహోదరుడున్నాడనుకొందము. బ్యాంకులోని సొమ్ము, స్వగ్రామములో తాను కొన్న కొద్ది భూమి కలిసి 9 లక్షల రూపాయలు. భార్య, ఒక కుమారుడు, ఒక కుమార్తె అతనితో నున్నారు. తండ్రి లేడు, వృద్ధురాలైన తల్లి ఊరిలో, అతడు నెలనెలకు పంపు డబ్బుతోనే బ్రదుకుచున్నది. అతడు వీలునామా లేక మరణించినయెడల 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము మూడవ వంతు, అనగా 3 లక్షలు, భార్యకు చెందును. మిగిలిన 6 లక్షలు పిల్లలిద్దరికి సమానముగా, కుమారుడని కుమార్తె యని భేదము లేక చెందును. మరి తల్లికో? ఏమియు లేదు. సంతానమున్నచోట ఆ చట్టము తల్లిదండ్రులకు భాగమీయదు. కోడలు దయగలదైతే సరే. కాని ముసలితల్లి అన్నము కోడలి దయమీద ఆధారపడునట్లు విడిచిపోవుట కుమారునికి తగునా? చట్టమునకు లెక్క తెలియును గాని, మీ చేతి అన్నము తినువారెవరో తెలియదు. అది మీరే వ్రాయవలెను.

వ్రాయుట కష్టము కాదు. స్టాంపు కాగితము అక్కరలేదు. వ్రాసినవాడు సంతకము చేయగా ఇద్దరు సాక్షులు చూచి, అతని యెదుట తామును సంతకము చేయవలెను. ఇక్కడ ఒక చిక్కున్నది: సాక్షికి గాని, సాక్షి భార్యకు లేక భర్తకు గాని వీలునామాలో ఏదైన వ్రాసినయెడల ఆ దానము చెల్లదు. కావున భార్యచేత సాక్షి సంతకము చేయింపకుడి; ఆమెకు వ్రాసినదంతయు పోవును. పెండ్లికి ముందు వ్రాసిన వీలునామా పెండ్లితో రద్దగును. మైనరు పిల్లలకు సంరక్షకుని తండ్రి ఇందులోనే నియమింపవచ్చును. బ్యాంకులో నామినీ పేరున్నది గదా యని కొందరందురు. ఆ నామినీ సొమ్మును వారసుల నిమిత్తము పుచ్చుకొనువాడే గాని దానికి యజమాని కాడు.

సంఘమునకు కొంత వ్రాయగోరువారికి ఒక మాట. దగ్గరి బంధువులు గల క్రైస్తవుడు మత ధర్మకార్యములకు ఆస్తి వ్రాసినయెడల, మరణమునకు పండ్రెండు నెలలకు ముందే వ్రాసి యుండవలెనని ఆ చట్టములోని 118వ సెక్షను నిర్బంధించెడిది. 2003 జూలై 21న సుప్రీంకోర్టు జాన్ వల్లమట్టం వ్యాజ్యములో ఆ సెక్షనును కొట్టివేసెను. ఇప్పుడు ఇచ్చుటకు స్వేచ్ఛ యున్నది. అయితే కొర్బాను అను పేరున తలిదండ్రులకు చేయవలసిన సహాయమును మాన్పించినవారిని ప్రభువు గద్దించిన సంగతి (మార్కు 7:9-13) ఆ కలము పట్టినప్పుడు జ్ఞాపకముంచుకొనవలెను. ముందుగా తల్లి పేరు వ్రాసి, ఆ తరువాత సంఘము పేరు వ్రాయుడి.

రిజిస్ట్రేషను విధి కాదు. అయినను సూరత్ వరదవంటిది వచ్చినప్పుడు ఇంటి పెట్టెలోని కాగితము నీటిపాలగును. సబ్ రిజిస్ట్రారు కార్యాలయములో నమోదైన దానికి నకలు దొరకును. అసలు ప్రతి యెక్కడ నున్నదో భార్యకును, ఊరిలోని తల్లికిని తప్పక చెప్పియుంచుడి.