సంఘపు లెక్కలు క్లౌడునకు మార్చు విధము



సహకార పరపతి సంఘమునకు లెక్కయే ప్రాణము. సభ్యుని వాటా ధనము, పంట ఋణము, డిపాజిటు, ఎరువుల అమ్మకము, ధాన్యపు కొనుగోలు ఇవి యన్నియు పెక్కు సంఘములందు చిరకాలము వేర్వేరు పుస్తకములలో వ్రాయబడుచు వచ్చినవి. చిట్టాలో వ్రాసినదానిని ఆవర్జాలో మరల వ్రాయవలసియుండుటచే తప్పులు దొరలుచుండెను. ఒక్కసారి వ్రాసిన అంకె తగిన పద్దులన్నిటను తానే చేరునట్లు అన్ని పుస్తకములను ఒక్కటిగా కూర్చు సాఫ్ట్‌వేరును ఇ.ఆర్.పి. యందురు. అది సంఘపు గదిలోని కంప్యూటరున గాక, దూరముననున్న సర్వర్లలో నుండి ఇంటర్నెట్ ద్వారా పనిచేయునెడ దానిని క్లౌడు పద్ధతి యందురు.

కేంద్ర మంత్రివర్గము 2022 జూన్ 29వ తేదీన దేశమందలి సుమారు 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను ఐదేండ్లలో కంప్యూటరీకరించుటకు రూ. 2,516 కోట్ల పథకమును అంగీకరించినది. అన్ని సంఘములకు నొకే క్లౌడు సాఫ్ట్‌వేరు, అందు ప్రాంతీయ భాష, పాత లెక్కల నెక్కించుట, సిబ్బందికి శిక్షణ ఇవి యందలి ముఖ్యాంశములు. యంత్రము తన కిచ్చిన అంకెనే నమ్మును. పాత పుస్తకములోని తప్పు అందెక్కినచో, అదియే అచ్చుపడి సత్యమువలె కనబడును. కావున ఈ మార్పు జరుగు క్రమమును సభ్యుడును తెలిసికొనుట మేలు.

మొదటి మెట్టు: పని నిర్ణయము. సంఘము చేయు పనులన్నిటిని వరుసగా వ్రాసికొని, ఒక్కొక్కటి క్రొత్త సాఫ్ట్‌వేరులో ఎట్లు నడచునో చూడవలెను. చట్టమునకును, రైతు ప్రయోజనమునకును అవసరమైనచోటనే సాఫ్ట్‌వేరును మార్పించుకొనవలెను. తక్కినచోట్ల మన అలవాటునే మార్చుకొనుట సులభము. ప్రతి అలవాటునకు తగినట్లు సాఫ్ట్‌వేరును మార్చబూనిన, వ్యయము పెరుగును. తరువాత వచ్చు సవరణలు దానితో పొసగవు.

రెండవ మెట్టు: పాత లెక్కల శుద్ధి. ఇదియే అన్నిటికంటె కష్టమైనది. ఒక తేదీని నిర్ణయించి, ఆనాటికి ప్రతి సభ్యుని బాకీని, నిల్వను ఆవర్జానుండి తీసి, అతని పాసు పుస్తకముతో పోల్చవలెను. పేరు, తండ్రి పేరు, ఆధారు సంఖ్య, పట్టాదారు పాసు పుస్తకపు సంఖ్య సరిచూడవలెను. ఒకే రైతు రెండు పేర్లతో నున్న యెడల ఒక్కటి చేయవలెను.

తేదీలో పొరపాటుచే కలుగు నష్టము ఎంతటిదో చూడుడు. కేంద్ర వడ్డీ రాయితీ పథకమున పంట ఋణమునకు వడ్డీ నూటికి 7. గడువులోగా చెల్లించిన రైతునకు మరి 3 తగ్గును. ఒకడు రూ. 60,000 తీసికొనెననుకొనుడు. అతనికి ఏడాది వడ్డీ రూ. 4,200. ఋణమిచ్చిన తేదీ రెండు నెలలు వెనుకకు పడినచో రూ. 700 అన్యాయముగా అధికమగును. ఏడాది ఋణమును గడువులో చెల్లించినను, చెల్లింపు గడువు దాటినట్లు నమోదైనచో రూ. 1,800 రాయితీ పోవును. 2024 జూలై 18 మొదలు ఆగస్టు 15 వరకు తెలంగాణ ప్రభుత్వము మూడు విడతలుగా రూ. 2 లక్షల వరకు పంట ఋణములను మాఫీ చేసినప్పుడు సయితము, ఆధారులోని పేరు ఖాతాలోని పేరుతో సరిపోలని రైతులు కార్యాలయముల చుట్టు తిరుగవలసివచ్చెను.

మూడవ మెట్టు: ఎక్కించి సరిచూచుట. సభ్యుల సంఖ్య, వాటా ధనపు మొత్తము, ఋణముల మొత్తము, డిపాజిట్ల మొత్తము పుస్తకములందును, సాఫ్ట్‌వేరులోను రూపాయి భేదము లేక సరిపోవలెను. మొత్తము సరిపోయిన మాత్రమున చాలదు. ఒకని బాకీ మరియొకని పేర పడినను మొత్తము మారదు గదా! కావున కొన్ని ఖాతాలను ఏరి, మొదటినుండి చివరవరకు చూడవలెను.

నాలుగవ మెట్టు: జంట లెక్క. కొంతకాలము పుస్తకమును, యంత్రమును రెండింటిని నడిపి, ప్రతిదినము సాయంకాలము నగదు నిల్వను పోల్చవలెను. వరుసగా భేదము లేకుండినప్పుడే పుస్తకమును మూయవలెను. ఈ పనిని కోతలు, ధాన్యపు కొనుగోలు ముమ్మరముగా నున్న దినములలో ఆరంభింపరాదు.

ఐదవ మెట్టు: అధికార విభజన. పద్దు వ్రాయువాడొకడు, ఆమోదించువాడు మరియొకడు కావలెను. ఒకరి పాస్‌వర్డును మరియొకరికి చెప్పుట బీరువా తాళపుచెవి నిచ్చుటతో సమానము.

మన ములుగు జిల్లాకు మరియొక విచారము గలదు. 2023 జూలై చివర వేంకటాపూరు మండలము లక్ష్మీదేవిపేటలో 24 గంటలలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసినది. తెలంగాణలో అంతకు మున్నెన్నడు ఒక్కదినమున అంతటి వర్షము నమోదు కాలేదు. అట్టి వానలో బీరువాలోని పుస్తకము తడిసిపోయిన తిరిగి రాదు. సర్వర్లలోని లెక్కకు వేరొకచోట నకలుంచుటకు వీలున్నది. కాని అదే దినమున విద్యుత్తు, ఇంటర్నెట్ నిలిచిపోయిన యెడల సంఘమున లెక్క కనబడదు. కావున వరుస సంఖ్యలు గల రశీదు పుస్తకము సిద్ధముగా నుండవలెను. ఆనాడు వ్రాసిన రశీదులను నెట్ వచ్చిన వెంటనే అదే తేదీతో ఎక్కించి, మరియొకరిచే సరిచూపింపవలెను.

సభ్యుడు చేయవలసిన పనులు మూడు. లెక్క మారుటకు పూర్వము తన ఖాతా నిల్వను తెలుగులో వ్రాతమూలముగా అడిగి తీసికొనవలెను. అందు భేదమున్న వెంటనే, పాత రశీదుల జతతో అర్జీ పెట్టి, చేరినట్లు సంతకము పొందవలెను. క్రొత్త లెక్క నడిచిన పిమ్మట ప్రతి చెల్లింపునకు రశీదు తీసికొని, కనీసము ఏడాదివరకు పాత పాసు పుస్తకమును పారవేయక దాచుకొనవలెను. చదువురాని సభ్యునికి నిల్వను బిగ్గరగా చదివి వినిపించుట పాలకవర్గపు విధి.

సాఫ్ట్‌వేరు ఎక్కడనో తయారగును. దానిలో చేరు లెక్క మాత్రము మన యూరిది. దానిని శుద్ధముగా నప్పగించు భారము సంఘమునకును, సభ్యునికిని సమానమని ఎల్లరు గ్రహింతురు గాక.